జనవరి 1న పుట్టిన ఊరు

సంపాదకులకు నమస్కారం.

మా ఊరు పరకాల దగ్గర. ఊళ్లో బడి మెట్లెక్కని పెద్దవాళ్ల ఆధార్ కార్డులు ఒకచోట పేర్చి చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అక్క జనవరి 1న పుట్టింది, చెల్లె జనవరి 1న పుట్టింది, వాళ్లిద్దరి మొగుళ్లూ అదే రోజు పుట్టారు. పుట్టిన తేదీ తెలియకపోతే వయసు చెబితే చాలన్నారు అప్పట్లో. చెప్పిన వయసును ఆ ఏడులోంచి తీసేసి, మిగిలిన సంవత్సరానికి జనవరి 1ని తగిలించింది కంప్యూటరు. నోటికొచ్చినట్టు చెప్పిన ఆ అంకెను పట్టుకునే ఇవాళ తెలంగాణ సర్కారు ఇచ్చే చేయూత వృద్ధాప్య పింఛను ఇవ్వాలా వద్దా అని తేలుస్తున్నారు.

ఒకామె సంగతి చెబుతాను. పేరు రాయను. పత్తి ఏరడానికి, కలుపుకు కూలికి పోతుంది. కార్డు ప్రకారం 1974లో పుట్టింది. ఆమె పెద్దకొడుకు టెన్త్ మెమోలో పుట్టిన సంవత్సరం 1983. అంటే తొమ్మిదేళ్లకే తల్లయిందన్నమాట! అంతేకాదు, రామారావు పార్టీ మొదటిసారి నిలబడ్డ 1983 జనవరి ఎన్నికల్లో ఆమె ఓటేసింది. "పెద్దోడు కడుపుల ఉన్నడు సారూ, నిలవడలేకపోతే లైన్ల ముందటికి పంపిండ్రు" అని ఇప్పటికీ చెబుతుంది. అప్పట్లో ఓటు హక్కు 21 ఏళ్లకు. అది 18కి తగ్గింది 1989లో. ఎంత ఇటు జరిపి లెక్కేసినా ఆమె పుట్టుక 1962 జనవరి దాటదు.

వృద్ధాప్య పింఛను వయసును 65 నుంచి 57కు తగ్గించారు. 2022 ఆగస్టులో ఆ లెక్కన కొత్త పింఛన్లు మొదలయ్యేనాటికి ఆమెకు అరవై నిండాయి. కార్డుకు మాత్రం 48. కార్డును నమ్ముకుంటే 2031 దాకా ఆగాలి. ఇంట్లో ఒక్కరికే వృద్ధాప్య పింఛను కదా, కనీసం భర్తకు వస్తుందేమోనని చూశాం. ఆయన కార్డులో 1971. ఆయన నడుము వంగి పదేళ్లయింది.

ఆ పింఛను నెలకు 2,016 రూపాయలంటే ఏడాదికి 24,192. దాన్ని నాలుగు వేలు చేస్తామన్న ఎన్నికల మాట ఎటుపోయిందని అడగడానికి కాదు ఈ ఉత్తరం, దాని మీద రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. రెండు వేలైనా అందని వాళ్ల గురించి రాస్తున్నాను. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల బియ్యం వస్తున్నాయి, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. 200 యూనిట్ల లోపు కరెంటు బిల్లు లేదు. ఇవి మంచి పనులు, కాదనను. కానీ అన్నంలోకి పప్పు కొనాలి, నూనె కొనాలి. ఇద్దరికీ బీపీ గోలీలున్నాయి. పత్తి సీజను అయిపోయాక కిరాణంలో ఖాతా, మెడికల్ షాపులో ఖాతా నడుస్తాయి. వాటిని తీర్చడానికి కొడుకు హైదరాబాదు నుంచి పంపాలి. వాడికక్కడ అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ 1974 ఎక్కడి నుంచి వచ్చింది? నా నోటి నుంచే.

2012లో మా బడిలో ఆధార్ క్యాంపు పెట్టారు. ఫారాలు నింపడానికి మమ్మల్ని కూర్చోబెట్టారు. పొద్దు గూకుతోంది, వరుస గేటు దాటింది. "ఎన్నేండ్లుంటయి అక్కా?" అన్నాను. "ఏమో సారూ, నలభై ఉంటయో ఏమో, నువ్వే ఏదో ఒకటి రాయి" అంది. మనిషి సన్నగా ఉంది, తల నెరవలేదు. 38 వేసెయ్యమని ఆపరేటర్‌తో చెప్పాను. నేను లెక్కల మాస్టారును. ఆమె కొడుకు 1998లో మా బడిలోనే, నా దగ్గరే లెక్కలు నేర్చుకుని టెన్త్ పాసయ్యాడు. వాడి పుట్టిన తేదీ పక్క గదిలో, బీరువాలోని రిజిస్టర్‌లో ఉంది. ఒక్క తీసివేత చేస్తే అయిపోయేది. చేయలేదు.

అప్పుడు అదొక గుర్తింపు కార్డు, అంతే అనుకున్నాం. దాంతోనే బియ్యం, పింఛను, బీమా అన్నీ ముడిపడతాయని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

సరే, దిద్దించుకోవచ్చు కదా అంటారు. వెళ్లాం. పుట్టిన తేదీని ఒక్కసారే మార్చుకోనిస్తారు, దానికి పత్రం కావాలి. టెన్త్ మెమో అడిగారు. ఆమె బడికే పోలేదు. జనన ధ్రువపత్రం అడిగారు. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. అప్పటికి ఆమె చెల్లెలిని చంకనేసుకుని తిరుగుతోంది. పాస్‌పోర్టు ఉందా అన్నారు. ఆమె నవ్వింది, నేను నవ్వలేకపోయాను.

ఇదే తప్పు ఇటు కాక అటు పడితే ఇంకో నష్టం. రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకే. రైతు చనిపోతే ఆ ఇంటికి 5 లక్షలు వస్తాయి. యాభై ఐదేళ్ల రైతుకు కార్డులో అరవై రెండని పడితే ఆ ఇంటికి రూపాయి రాదు. కుటుంబాన్ని పోషించే మనిషి పోతే పేద ఇంటికి 20 వేలిచ్చే జాతీయ కుటుంబ ప్రయోజన పథకానికీ అదే వయసు హద్దు. అసలు ఆ పథకం ఒకటుందని మా ఊళ్లో తెలిసిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఆధార్ మనిషిని గుర్తుపట్టడానికే, పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెబుతోంది. 2024 జనవరిలో ఉద్యోగుల పీఎఫ్ చూసే ఈపీఎఫ్‌వో పుట్టిన తేదీకి చెల్లే పత్రాల జాబితాలోంచి ఆధార్‌ను తీసేసింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో, వయసు తేల్చడానికి ఆధార్ కన్నా బడి సర్టిఫికెట్‌నే పట్టించుకుంది. నౌకరీ ఉన్నవాడికి చెల్లని కాగితం కూలి మనిషికి మాత్రం శిలాశాసనం ఎందుకయింది?

దొంగ వయసులు వేయించుకున్నవాళ్లు లేరని నేననను. 57 అనగానే కార్డుల్లో పదేళ్లు పెంచుకున్న ఘనులు మా మండలంలోనూ ఉన్నారు. ఆ భయంతోనే తలుపు మూశారని అర్థమవుతూనే ఉంది. కానీ అలాంటివాళ్లు ఎలాగో ఒకలా సందు చూసుకుని దూరారు. తలుపు బయట మిగిలింది ఇలాంటివాళ్లే.

బడికి పోనివాళ్ల విషయంలో పెద్ద సంతానం టెన్త్ మెమోను తల్లిదండ్రుల వయసుకు ఆధారంగా తీసుకోవచ్చు. పాత ఓటరు జాబితాలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. అవీ లేనప్పుడు గ్రామసభలో నలుగురి ముందు అడగండి. మా దగ్గర ఆడవాళ్లు పిల్లల ఈడు మేడారం జాతరలతో లెక్కపెడతారు. రెండేళ్లకో జాతర, ఎక్కడా తప్పు పోదు. సర్కారు దవాఖాన డాక్టరు చూసి సంతకం పెడితే దొంగలు కూడా బయటపడతారు.

ఇంకొకటి. ఆమె 2022లో దరఖాస్తు పెట్టింది. 2023 డిసెంబరు 28న మొదలైన ప్రజాపాలనలోనూ, సర్కారు ఊరూరా దరఖాస్తులు తీసుకున్నప్పుడు, పెట్టింది. ఆ ఫారం కింద చింపి ఇచ్చిన రసీదును ప్లాస్టిక్ కవరులో దాచుకుంది. పింఛను ఇవ్వబోమని ఎవరూ రాసివ్వలేదు, ఎందుకు ఇవ్వరో అంతకన్నా రాసివ్వలేదు. "ఆన్‌లైన్ల తీస్కుంటలేదమ్మా" అని నోటిమాట చెప్పి పంపించారు. నోటిమాట మీద అప్పీలుకు పోలేం. కాదన్న ప్రతి దరఖాస్తుకూ కారణం, తేదీ వేసి ఒక కాగితం ఇవ్వాలి. బస్సు ఫ్రీయే, కానీ ఆఫీసుకు పోయిన రోజు కూలి పోతుంది.

వచ్చే సోమవారం, జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి ఆమెను తీసుకుని హనుమకొండ కలెక్టరేట్‌కు వెళుతున్నాను. కొడుకు మెమో నకలుకు నా వాంగ్మూలం కూడా జతచేశాను. 2012లో ఆ వయసు చెప్పింది నేనేనని, లెక్క తప్పిందని అందులో రాసి సంతకం పెట్టాను.

– ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు,
పరకాల, హనుమకొండ జిల్లా