మారిషస్ ఉగాది సరే, ఆ చెరకు తోటల సంగతో?

సంపాదకులకు,

మారిషస్‌లో తెలుగువాళ్లు ఉగాది ఎంత ఘనంగా చేసుకుంటారో చెప్పే కథనాలు మన పత్రికల్లో తరచూ చూస్తుంటాం. అక్కడ ఆ పండక్కి ప్రభుత్వ సెలవు కూడా ఉంది, సంతోషమే. కానీ మనవాళ్లు అసలు అక్కడికి ఎలా చేరారన్న దగ్గర ‘పొట్ట చేతపట్టుకుని వెళ్లారు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టేస్తారు. వాళ్ల కంటే ముందు ఆ తోటల్లో చెరకు నరికినవాళ్ల ఊసే ఉండదు.

అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. ఇందుకుగాను బ్రిటన్ తన వలస రాజ్యాల్లోని బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్లు పరిహారంగా కేటాయించింది. ఆ ప్రభుత్వ ఏడాది ఖర్చులో అది దాదాపు 40 శాతం. అందుకోసం చేసిన అప్పు 2015లో గానీ పూర్తిగా తీరలేదు. మరి తరతరాలుగా చాకిరీ చేసినవాళ్లకో? చిల్లిగవ్వ లేదు, సెంటు భూమి లేదు. పైగా ‘అప్రెంటిస్‌’లని కొత్త పేరు పెట్టి 1839 దాకా పాత యజమానుల దగ్గరే కట్టిపడేశారు.

ఆ గడువు తీరగానే చాలామంది తోటలకు దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. చేపలు పట్టుకున్నారు, ఎక్కడో ఇంత మెరకలో కూరగాయలు వేసుకున్నారు. సరైన కూలి ఇస్తే కొందరైనా తిరిగి వచ్చేవారేమో! వాళ్లకు బేరమాడే వీలే లేకుండా దొరలు భారతదేశం నుంచి మనుషులను దింపారు. 1834 నవంబరులోనే అట్లాస్ అనే ఓడలో కలకత్తా నుంచి 36 మంది దిగారు. తర్వాతి ఏడెనిమిది దశాబ్దాల్లో ఆ లెక్క నాలుగున్నర లక్షలకు చేరింది. వాళ్లలో కాకినాడ దగ్గరి మన కోరంగి రేవులో ఓడెక్కినవాళ్లూ ఉన్నారు.

అగ్రిమెంటు ఐదేళ్లు. నెలకు 5 రూపాయలు, పైన బియ్యం, పప్పు, ఉప్పు. చెప్పకుండా ఒకరోజు పని మానేస్తే రెండు రోజుల కూలి కోత. 1867 చట్టం వచ్చాక అగ్రిమెంటు తీరినవాళ్లు సైతం ఫొటో ఉన్న టికెట్ వెంట పెట్టుకుని తిరగాలి. అది చూపించలేకపోతే దేశదిమ్మరి కింద లెక్కగట్టి పోలీసులు లోపలేసేవారు. 1871లో కూలీల పక్షాన నిలిచిన అడాల్ఫ్ ద ప్లెవిట్స్ అనే తోటల దొర 9,401 మంది సంతకాలతో గవర్నరుకు అర్జీ పెట్టాకే, విచారణకు బ్రిటన్ వేసిన రాయల్ కమిషన్ కదిలింది.

ఆ తర్వాత తోటలను ముక్కలు చేసి అమ్మినప్పుడు పైసా పైసా కూడబెట్టిన భారతీయులు కొందరు భూమి కొనుక్కోగలిగారు. బానిసల సంతతికి ఆ అవకాశం పెద్దగా దక్కలేదు. ఆ దేశంలో క్రియోల్‌లనే ఆ సంతతి కుటుంబాలు నేటికీ వెనకబడి ఉండడానికి ఇదొక కారణం. మారిషస్ తానే ఒక సత్య, న్యాయ కమిషన్ వేసి, బానిసత్వాన్నీ ఈ కూలీ పద్ధతినీ కలిపి విచారించి 2011లో నివేదిక తెచ్చింది. మనం మాత్రం మన సగమే చెప్పుకుంటున్నాం.

కోరంగి వచ్చినవాళ్లు మడ అడవులు చూసి, చెక్క వంతెన మీద ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఇక్కడి నుంచి ఓడలెక్కిన కూలీల గురించి వాళ్లకు చెప్పేవారెవరు? మారిషస్‌లోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర నాటి వలస కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మన జిల్లాలవాళ్ల వివరాలున్న పేజీల నకళ్లు తెప్పించి కాకినాడలో అందరికీ అందుబాటులో ఉంచాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. హైస్కూలు చరిత్ర పాఠంలో బానిసత్వ రద్దు పక్కనే కోరంగి పేరు కూడా ఉండాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ టీచర్,
కాకినాడ