ఐదేళ్ల పిల్లకు టాపర్ బిరుదు ఎందుకు?

సంపాదకుడు గారికి నమస్కారం.

బళ్లు తెరిచే సీజన్ కదా, ఆదోనిలో ఏ సందు తిరిగినా ఫ్లెక్సీలే. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల ఫొటోలు, పక్కన మార్కులు, పైన ఎర్ర అక్షరాల్లో 'టాపర్'. ఐదేళ్ల పిల్ల దేంట్లో టాపర్ సర్? ఫ్లెక్సీ ఎక్కని మిగతా పిల్లలంతా ఏమైనట్టు? పిల్లల్లో కాన్ఫిడెన్స్ పెంచడానికే ఇదంతా అని యాజమాన్యాలు చెబుతున్నాయి, తల్లిదండ్రులూ నమ్ముతున్నారు. ఒకటి, రెండు తరగతులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, నాకు మాత్రం ఇది తిరకాసు వ్యవహారంగానే కనిపిస్తోంది.

ఆ వయసులో తన మీద తనకు నమ్మకం రావాలంటే బళ్లో రోజూ ఏదో ఒక పని తన చేతులతో చేసి 'నాకూ వచ్చు' అనుకోవాలి. అది దానంతటదే జరగదు, టీచరు ముందే ఆలోచించి వారం ప్లాన్‌లో రాసుకోవాలి. మన దగ్గర ప్లాన్ అంటే ఈ వారం అచ్చులు, వచ్చే వారం ఒకటి నుంచి ఇరవై. 'నాకు రాదు టీచర్' అని పిల్ల చేతులు వెనక్కి పెట్టుకుంటే ఏం చేయాలో రాసుకోవడానికి అందులో ఒక్క గడి కూడా ఉండదు.

దీనికి ఖర్చేమీ లేదు. ఒక్కో పిల్ల పేరు, తను వేసుకున్న గుర్తు ఉన్న అట్టముక్కలు గోడకు తగిలించి, రాగానే ఎవరిది వాళ్లే తీసి డబ్బాలో వేయమంటే హాజరు అయిపోతుంది, చదవడం రాని పిల్ల కూడా కొన్నాళ్లకు తన పేరు గుర్తుపడుతుంది. చాపలు పరచడం, గ్లాసులు పంచడం, మొక్కలకు నీళ్లు పోయడం వంతులవారీగా అందరికీ రావాలి (ఎప్పుడూ ఆ చురుకైన పిల్లనే లీడర్ చేయడం మన టీచర్లందరి జబ్బు). బంకమట్టి, పూసలు రెండూ ముందు పెట్టి ఏది కావాలో పిల్లనే తీసుకోమనాలి. బొమ్మ వేస్తే దాని మీద టీచరు పెన్ను పెట్టి దిద్దకూడదు, ఏనుగు ఎర్రగా ఉంటే ఉండనీ. 'ఇదేందో చెప్పు' అని అడిగి, పిల్ల చెప్పిన మాటను ఉన్నదున్నట్టు కింద రాసి, బాగున్నవే ఏరకుండా అందరివీ పిల్లల కంటికి అందే ఎత్తులో అంటించాలి.

మెచ్చుకోవడంలోనూ జాగ్రత్త కావాలి. అమెరికాలో ముల్లర్, డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన అధ్యయనం ప్రచురించారు. 'నువ్వు తెలివైనదానివి' అని పొగిడించుకున్న పిల్లలు తర్వాత కష్టమైన ప్రశ్నల్లో తప్పగానే డీలా పడ్డారట, 'బాగా కష్టపడ్డావు' అనిపించుకున్నవాళ్లు మళ్లీ ప్రయత్నించారట. వాళ్లు కాస్త పెద్ద పిల్లలే, అయినా మనకూ పనికొచ్చే విషయం. గంపగుత్తగా 'వెరీ గుడ్' అనే బదులు 'చెప్పుల బకిల్ నువ్వే పెట్టుకున్నావే' అంటే పిల్లకు తను ఏం చేసిందో తెలుస్తుంది.

మా వైపు ఇంకో సంగతి ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి ఏటా సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు, హాస్టల్లో ఉండే వయసు రాని చిన్నపిల్లలు అమ్మానాన్నల వెంటే పోతారు. తిరిగొచ్చి బళ్లో కూర్చుంటే పక్కపిల్లకు గుణింతాలు వచ్చేసి ఉంటాయి, వీడికి అచ్చులు కూడా మరుపున పడి ఉంటాయి. అప్పుడు మనం చేసేది వెనక బెంచీలో వేయడం. వాడు రైలు చూశాడు, గుడిసె వేయడం చూశాడు, టిక్కీలు (మిరప బస్తాలు) లెక్కపెట్టడం చూశాడు, ఏ కాయ మండుతుందో వాడికి తెలుసు. అవన్నీ తరగతికి చెప్పమంటే వాడే ఆ రోజు టీచరు. ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలు కూడా ఆదోనిలో తక్కువేం కాదు, వాళ్ల అవ్వ పాడే పాటను వాళ్ల మాటల్లోనే తరగతిలో పాడనివ్వొచ్చు, మనకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు.

ఇవేవీ నేను కొత్తగా కనిపెట్టినవి కావు. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే దశ అంది, 2022లో ఆ దశకు వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం పిల్లల భావాల గురించి, తనను తాను తెలుసుకోవడం గురించి కూడా మాట్లాడింది. కాగితం మీద బాగానే ఉంది. చట్టంలోనే ఖాళీ ఉంది, విద్యాహక్కు చట్టం పిల్లలంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లని రాసుకుంది, కొట్టొద్దు, మానసికంగా వేధించొద్దు అనే 17వ సెక్షన్ కూడా ఆ వయసు వాళ్లకే. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చు అని 11వ సెక్షన్‌లో ఒక మాట అని ఊరుకుంది. అందుకే ఎల్‌కేజీ సీటుకు మూడేళ్ల పిల్లను ఇంటర్వ్యూ చేసినా ఆ చట్టం కింద అడిగే దిక్కు లేదు.

అంగన్‌వాడీ టీచర్లను మాత్రం నేను తప్పుపట్టను. వంట చూసుకోవాలి, బరువులు తూచాలి, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు చేయాలి, ఇంక పిల్లలతో కూర్చునే టైం ఎక్కడిది? అంగన్‌వాడీల సెక్టార్ మీటింగుల్లో, చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో రికార్డుల లెక్క కాస్త తగ్గించి, ఒక గంట ఇలాంటి పనులను టీచర్లే చేసి చూసుకునేలా పెట్టాలి. తనిఖీకి వచ్చే అధికారి ఎంతమందికి ఏబీసీడీలు వచ్చో అడిగే ముందు గోడ మీద ఎవరి బొమ్మ లేదో చూడాలి. సుగ్గి నుంచి తిరిగొచ్చిన పిల్లను మొదటి రెండు వారాలు పరీక్ష పేరుతో, అక్షరాల పేరుతో నిలదీయకూడదని విద్యాశాఖ, అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ అధికారులు కలిసి ఈ ఏడాదే సర్క్యులర్ ఇవ్వాలని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ టీచర్, ఆదోని, కర్నూలు జిల్లా