నాయనమ్మ నుదుటి ముడతలు

తెనాలి

చిరంజీవి స్వాతికి, నాన్న ఆశీర్వదించి వ్రాస్తున్న ఉత్తరం.

మొన్న ఫోనులో అనాటమీ గురించి విసుక్కున్నావు. కపాల నాడులు 12 జతలు, వెన్ను నాడులు 31 జతలు, వాటి పేర్లు, పుట్టే చోట్లు, వెళ్ళే దారులు బట్టీ పట్టడమే తప్ప ఇందులో ఆలోచించడానికి ఏముందని అడిగావు. అప్పుడే జవాబు చెప్పబోయి ఊరుకున్నాను. ఆ జవాబులో మీ నాయనమ్మ ఉంది. 28 ఏళ్ళు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పిన నేను చేసిన పొరపాటు కూడా ఉంది. ఫోనులో చెప్పుకొనే సంగతి కాదది.

నీకప్పుడు తొమ్మిదేళ్ళు. ఉదయం ఆరున్నరకు నాయనమ్మ వసారాలో కూర్చుని కాఫీ తాగుతుండగా గ్లాసు కుడిచేతిలోంచి జారి పడింది. ఒలికిన కాఫీ చీర కుచ్చెళ్ళ మీదికి పాకుతున్నా ఆవిడ దానికేసి చూస్తూ ఉండిపోయింది. ఏమైందమ్మా అని అడిగితే నా మాట అర్థమైనట్టే తలెత్తింది కానీ, "అదీ... అదీ" అన్న ఒక్క మాట తప్ప నోరు దాటి మరేమీ రాలేదు. మూతి ఎడమవైపుకు లాగేసింది.

చలిగాలి కొట్టి మూతి వంకర పోయిందని, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందని పక్కింటివాళ్ళు అన్నారు. ఒకరు వెల్లుల్లి నూనె కాచి తెచ్చి చేతికి మర్దనా మొదలుపెట్టారు. ఇంకొకరు పావురం రక్తం పట్టిస్తే పక్షవాతం వెనక్కి పోతుందన్నారు. రక్తం మాట నేను కొట్టిపారేశాను కానీ చలిగాలి మాట సగం నమ్మాను. ముఖానికి వెళ్ళే నాడి వాచి మూతి వంకర పోవడం, చాలామందికి కొన్ని వారాల్లో అది నయం కావడం నేను ఎరిగినదే. మరి చేయి ఎందుకు పడిపోయింది, మాట ఎందుకు పోయింది అన్న ప్రశ్న ఆ కంగారులో నాకు తట్టనే లేదు. బల్ల మీద నాడీకణం బొమ్మ వేసి, తంత్రికాక్షం, అంటే కణం నుంచి సాగే పొడవాటి తంతువు, దాని చుట్టూ మయలిన్ అనే కొవ్వు తొడుగు గీసి, ఏటా వందమంది పిల్లలకు పాఠం చెప్పిన మనిషినే.

ఆసుపత్రి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడి డాక్టరు అన్నిటికంటే ముందు నాయనమ్మను కనుబొమలు పైకెత్తి నుదురు ముడవమన్నారు. మూతి అంత వంకరగా ఉన్నా నుదుటి మీద ముడతలు రెండు వైపులా సమానంగా పడ్డాయి. "ఇది ముఖం నరానిది కాదండీ, మెదడుది" అన్నారాయన, స్కానింగు తీయకముందే.

నువ్వు బట్టీ పడుతున్న, ముఖాన్ని కదిలించే ఏడవ కపాల నాడి సంగతి ఇదే. మెదడు పైభాగమైన మస్తిష్కంలోని ఒక్కొక్క అర్ధగోళం, అంటే ఒక్కొక్క సగం, నుంచి ముఖం కింది భాగానికి వెళ్ళే ఆజ్ఞలు ప్రధానంగా ఎదుటి వైపుకే పోతాయి. నుదుటికి మాత్రం రెండు అర్ధగోళాల నుంచీ అందుతాయి. అందువల్ల ఒక అర్ధగోళం దెబ్బతిన్నా రెండోది నుదుటిని కాపాడుతుంది. అదే, మెదడు దాటి బయటకు వచ్చాక ఆ నాడే దెబ్బతింటే, నుదురు నునుపై, కన్ను మూతపడక, ముఖంలో ఆ సగమంతా జారిపోతుంది. కుడి చేతికీ కుడి కాలికీ వెళ్ళే తంతువులలో చాలా భాగం మెదడు అడుగున, మజ్జాముఖంలో, అటువి ఇటు దాటుతాయి కనుక పడిపోయిన కుడి చేయి ఎడమ అర్ధగోళం వైపు వేలు చూపించింది. చాలామందిలో మాటను నడిపేది ఎడమ అర్ధగోళమే కనుక పోయిన మాట కూడా అటే చూపించింది. గ్లాసు, మూతి, మాట, ముడతలు అన్నీ కలిపి చూస్తే మిగిలేది ఒకే ఒక్క చిరునామా. ఎడమ వైపు మధ్య మస్తిష్క ధమనిలో రక్తం గడ్డ అడ్డుపడిందని స్కానింగు ఆ తరువాత తేల్చింది.

శరీరం బరువులో మెదడు రెండు శాతమే అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడుకుంటుంది. నిలవ చేసుకోవడం దానికి తెలియదు. పెద్ద ధమని మూసుకుపోయిన మెదడులో నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయని లెక్క కట్టారు. గడ్డను కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపు పడాలి. మాకు ఆ గడువు పదకొండింటికే దాటిపోయింది. పదకొండింటికి మేము ఇంకా నూనె రాస్తూ ఉన్నాము.

ఆ "అదీ" గురించి ఒక మాట చెప్పాలి. 1861లో పారిస్ దగ్గరి బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే వైద్యుడు "టాన్" అన్న ఒక్క శబ్దం తప్ప పలకలేని రోగిని చూశాడు. ఎదుటివాళ్ళ మాట అతనికి చాలావరకు తెలిసేది. అతను పోయాక మెదడు తీసి చూస్తే ఎడమ అర్ధగోళం ముందు భాగంలో దెబ్బ కనిపించింది. ఆ చోటును ఇప్పటికీ బ్రోకా పేరుతోనే పిలుస్తారు, నీ పుస్తకంలోనూ ఉంటుంది. నాయనమ్మ మూడు నెలల పాటు మన పేర్లు కూడా పిలవలేకపోయింది. అటువంటి మనిషి ఒక శుక్రవారం మీ అమ్మ హారతి ఇస్తూ పాట ఎత్తుకోగానే పదాలతో సహా చివరిదాకా పాడింది! పాట ఆగగానే మళ్ళీ "అదీ". నేను నిలువునా ఆశ్చర్యపోయాను. కొత్తగా వాక్యం కూర్చుకోవడానికి కావలసిన చోటు దెబ్బతిన్నా, ఏళ్ళ తరబడి నోటికి వచ్చిన పాట, అంకెల వరస, ప్రార్థన వంటివి చాలామందిలో మిగులుతాయని స్పీచ్ థెరపిస్టు చెప్పింది. ఆ పాటల వెంబడే ఆవిడ చేత ఒక్కొక్క మాటా పలికించింది.

నువ్వు రేపు వార్డులోకి వెళితే మన భాషే నిన్ను తికమక పెడుతుంది, ముందే చెబుతున్నాను. చేతి మీద ఉబ్బి కనిపించే సిరను మనవాళ్ళు నరమే అంటారు. మెడ పట్టేస్తే నరం పట్టేసిందంటారు. నాడి అంటే చాలామందికి మణికట్టు దగ్గర కొట్టుకునేది. నీరసం, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు, అన్నిటికీ "నరాల బలహీనత" అని ఒకే పేరు పెట్టి మందుల షాపులో బి కాంప్లెక్స్ అడిగి పుచ్చుకుంటారు. రోగి ఆ మాట అన్నప్పుడు నవ్వకు. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఒక వైపా రెండు వైపులా అని అడుగు.

నేనూ ఆ బలహీనత మనిషినే అనుకో. పోయిన వారం కూరగాయల మార్కెట్టు నుంచి వస్తుంటే ఒకావిడ వెనకనుంచి "సారూ, మీ చెప్పు!" అని కేకేసింది. ఎడమ కాలి చెప్పు జారిపోయి పది అడుగులైనా నాకు తెలియలేదు. పదకొండేళ్ళుగా షుగరు ఉంది కదా. కాలి బొటనవేలి స్పర్శను మోసుకొచ్చే నాడీకణం అసలు దేహం నడుము దగ్గర వెన్నుపాము పక్కన ఉంటుంది, దాని తంతువు ఇంచుమించు మీటరు పొడవున వేలిదాకా సాగుతుంది. చక్కెర ఎక్కువైన రక్తం దెబ్బ అంత పొడవైన తంతువులకే ముందు తగులుతుంది. అందుకే మొద్దుబారడం మేజోళ్ళు తొడిగినట్టు రెండు పాదాల నుంచీ పైకి పాకుతుంది. నేను వాడే షుగరు మందు మెట్‌ఫార్మిన్ వల్ల ఏళ్ళు గడిచేకొద్దీ బి12 విటమిన్ తగ్గవచ్చు, అది తగ్గినా ఇలాగే మొద్దుబారుతుంది. రెంటిలో ఏదో తేల్చడానికి రక్త పరీక్షకు ఇచ్చి వచ్చాను.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు మీ డిపార్టుమెంటులో అడిగి 128 హెర్ట్జ్ శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఒకటి తీసుకురా. మోగించి నా బొటనవేలి ఎముక మీద పెట్టు. దాని అదురు తెలియడం లేదంటే చీలమండ మీద, అక్కడా తెలియకపోతే మోకాలి మీద పెట్టి, ఎక్కడి నుంచి తెలుస్తోందో రాసిపెట్టు. నేను కళ్ళు మూసుకుంటాను.

మీ నాన్న