5 ఏళ్లని పిలిచి 15 ఏళ్లంటారా?

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో స్థిర నివాసం, అంటే వీసా గడువు లేకుండా అక్కడే ఉండిపోయే అనుమతి, రావడానికి ఆగాల్సిన గడువు పెంచుతారన్న వార్త మీ పత్రికలో చదివి రాస్తున్నాను. మా చిన్నమ్మాయి అక్కడ ఒక వృద్ధాశ్రమంలో కేర్ వర్కర్. ముసలివాళ్లను చూసుకోవడానికి మనుషులు చాలక, 2022 ఫిబ్రవరిలో ఆ దేశమే కేర్ వర్కర్లకు వీసాలివ్వడం మొదలుపెట్టింది. 5 ఏళ్లు పనిచేస్తే స్థిర నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చన్న నిబంధన చూసుకునే మా అల్లుడు ఇక్కడి ఉద్యోగం వదిలాడు, నేను నగలు కుదువ పెట్టాను. 2023లో పిల్లవాడితో సహా వెళ్లారు. ఇప్పుడు, 2025 నవంబరులో అక్కడి హోం మంత్రి షబానా మహమూద్ ప్రకటించిన ప్రతిపాదనల్లో మామూలు గడువు 10 ఏళ్లు, కేర్ వర్కర్లకు 15 ఏళ్లు. ఇప్పటికే అక్కడున్నవారికీ వర్తింపజేస్తారట. అంటే 2038. మా మనవడికి ఇప్పుడు 7 ఏళ్లు, అప్పటికి 20.

‘కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా’ అని మా బంధువులే అంటున్నారు. అంతే కాదు. ఆ వీసా యజమానితో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో వీసా ఇప్పించగల మరో యజమానిని వెతుక్కోవాలి, దొరక్కపోతే దేశం విడిచి రావాలి. అందుకే జీతంలో కోత పడినా, రాత్రి డ్యూటీ దిగగానే పగటి డ్యూటీ వేసినా ఎవరూ నోరెత్తరు. మా అమ్మాయి ఫోనులో ఈ సంగతులు చెప్పేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే మాట మార్చేస్తుంది. ఈ భయాన్ని 5 ఏళ్లు ఓర్చుకుందామని వెళ్లారు. 15 ఏళ్లు ఎవరు ఓర్చుకోగలరు? అన్నేళ్లు నోరు మూసుకున్న పనివాళ్లు దొరికితే లాభం ఎవరికో వేరే చెప్పాలా?

తమ దేశంలోకి ఎందరు రావాలో తేల్చుకునే హక్కు వారికి ఉంది. 2025 జూలైలో విదేశాల నుంచి కొత్తగా కేర్ వర్కర్లను తీసుకోవడం ఆపేశారు, దానిని నేను తప్పుపట్టను. కానీ కోతకు పిలిచిన కూలీకి సగం చేను కోశాక కూలి మారుస్తామంటే మన ఊళ్లో ఊరుకుంటామా?

శరణార్థుల పరిస్థితి ఇంకా ఘోరం. వారికి స్థిర నివాసం 5 ఏళ్లకు బదులు 20 ఏళ్లకట. రెండున్నరేళ్లకొకసారి పరిశీలించి, స్వదేశం క్షేమమనిపిస్తే తిప్పి పంపుతారట. ఒడిశాలో మా పక్క జిల్లా గజపతిలో, చంద్రగిరి కొండల్లో 1963 నుంచి టిబెట్ శరణార్థులు ఉంటున్నారు. సాగుకు భూమి ఇచ్చారు కాబట్టి మొక్కజొన్న చేలు వేశారు, ఇళ్లు కట్టుకున్నారు, జిరంగ్‌లో అంత పెద్ద బౌద్ధ మఠం నిర్మించారు. ‘రెండున్నరేళ్లకు చూస్తాం’ అని ఉంటే ఒక్క గోడయినా లేపేవారా? మన దేశం వారికి అన్నీ చేసిందని చెప్పను. వారిలో చాలామంది ఇప్పటికీ విదేశీయులుగా నమోదు చేసే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు పునరుద్ధరించుకుంటూనే ఉన్నారు, అదీ నాకు నచ్చదు.

కాగితాల మీద పరాయివాళ్లుగా మిగిలిపోవడం ఏమిటో గంజాంవాళ్లం ఎరుగుదుం. గోపాల్‌పూర్ రేవులో ఓడెక్కి బర్మాలోని రంగూన్ వెళ్లిన కుటుంబాల్లో మా అమ్మ పుట్టిల్లు ఒకటి. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో తరాలపాటు చెమటోడ్చినా ఎంతోమంది అక్కడ విదేశీయులుగానే నమోదై ఉండిపోయారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చి, వ్యాపారాలను జాతీయం చేశాక మూటాముల్లె సర్దుకుని తిరిగొచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అలా వెలిసిందే. పుట్టి పెరిగిన ఊరు అదేనని మా మేనమామ చివరిదాకా రంగూన్ పేరే చెప్పేవారు.

ఈ ప్రతిపాదనల్లో స్థిర నివాసం గడువుపై అభిప్రాయాలు చెప్పడానికి 2026 ఫిబ్రవరి 12 దాకా సమయం ఇచ్చారు. బ్రిటన్‌లో ఉన్న తెలుగువారంతా, ఇప్పటికే స్థిర నివాసం వచ్చినవారు కూడా, తమ మాట వినిపించాలి. ఇప్పటికే వెళ్లినవారికి పాత గడువే ఉంచమని మన ప్రభుత్వం గట్టిగా అడగాలి. ఒడిశా, ఆంధ్ర, తెలంగాణ ఎంపీలు ఈ విషయాన్ని పార్లమెంటులో లేవనెత్తాలి. ఈ ప్రతిపాదనల సంగతి మీ పత్రిక తెలుగులో వివరంగా ప్రచురిస్తే మా వంటి కుటుంబాలకు ఎంతో మేలు చేసినవారవుతారు.

ఇట్లు,
పట్టుచీరల దుకాణం నడుపుకుంటున్న ఒక తల్లి,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా