గ్రహశకలం వార్తకు ముగింపు కూడా అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

గ్రహశకలం భూమి మీదికి వస్తోందంటే మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వస్తుంది. రావడం లేదని తేలిన సంగతి లోపలి పేజీలో మూలన కూడా కనిపించదు. పాఠకుడి మనసులో భయం మాత్రం మిగిలిపోతుంది. 2025 ఫిబ్రవరిలో 2024 వైఆర్4 అనే శకలం విషయంలో ఇదే జరిగింది. ఇకముందు ఇలాంటి వార్తలు మరింత తరచుగా వస్తాయి కాబట్టి, వాటిని ఎలా చదవాలో, ఎలా రాయాలో కొంచెం వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం.

చిలీలోని రియో హుర్టాడోలో ఉండి, గ్రహశకలాల కోసం ఆకాశాన్ని గాలించే అట్లాస్ టెలిస్కోపు ఈ శకలాన్ని 2024 డిసెంబరు 27న పట్టుకుంది. అప్పటికి అది మనల్ని దాటిపోయి రెండు రోజులైంది. డిసెంబరు 25న సుమారు 8.29 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లిపోయింది. అంటే కంటబడిన రోజు నుంచే అది దూరమవుతూ, మసకబారుతూ ఉంది. 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం కొద్దిగా ఉందని తొలి లెక్కల్లో కనిపించింది. 10 మీటర్లకు మించిన శకలానికి ఆ అవకాశం 1 శాతం దాటితే అంతర్జాతీయ గ్రహశకల హెచ్చరిక వ్యవస్థ ప్రకటన చేయాలన్నది నియమం. జనవరి 29న చేసింది. ఫిబ్రవరి 18న నాసా అంకె 3.1 శాతానికి చేరింది. మర్నాడు 1.5, ఆ మర్నాడు 0.28, 24వ తేదీకి 0.004.

అది చూసి చాలామంది శాస్త్రవేత్తలు తప్పు లెక్క వేసి దిద్దుకున్నారని అనుకున్నారు. ఆ అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఏ రోజుకు ఉన్న సమాచారానికి ఆ రోజు అంకె సరైనదే. అంకె ముందు పెరిగి తర్వాత పడిపోవడం ఈ లెక్క స్వభావం. దీన్ని ఒక్కసారి అర్థం చేసుకుంటే సగం భయం పోతుంది.

కొన్ని వారాల పరిశీలనలతో కక్ష్య గీసినప్పుడు, ఎనిమిదేళ్ల తర్వాత శకలం ఫలానా చోట ఉంటుందని వేలు పెట్టి చూపించలేం. సన్నని పొడవాటి పట్టీ ఒకటి గీసి, ఇందులో ఎక్కడో ఉంటుందని చెప్పగలం. ఆ పట్టీ పొడవు 12.7 లక్షల కిలోమీటర్లు అనుకుందాం. భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు. భూమి ఆ పట్టీలోనే ఉంటే, అది ఆక్రమించేది నూటికి ఒక వంతు. అదే 1 శాతం. కొత్త పరిశీలనలు అందాక పట్టీ 4.2 లక్షల కిలోమీటర్లకు కుదించుకుపోయింది, భూమి ఇంకా లోపలే ఉంది అనుకుందాం. అంకె 3 శాతం అవుతుంది. శకలం దారి మార్చుకోలేదు. మనకు తెలియనిది తగ్గింది, అంతే. పట్టీ ఇంకొంచెం కుదించుకోగానే భూమి దాని అంచు దాటి బయటపడుతుంది, అంకె ఒక్కసారిగా కూలిపోతుంది. అసలు లెక్కలో పట్టీ నడుమకు ఎక్కువ బరువు, అంచులకు తక్కువ బరువు ఇస్తారు. భూమి ఆకర్షణనూ కలుపుతారు. సూత్రం మాత్రం ఇదే.

2004లో అపోఫిస్ అనే శకలం విషయంలోనూ ఇంతే. ఆ డిసెంబరులో, అది 2029లో భూమిని తాకే అవకాశం 2.7 శాతానికి ఎక్కింది. ముప్పును 0 నుంచి 10 దాకా మెట్లలో చెప్పే టొరినో స్కేలు మీద 4వ మెట్టు దాకా వెళ్లినది ఇప్పటివరకు అదొక్కటే. అదే సంవత్సరం మార్చిలో తీసిన పాత చిత్రాల్లో ఆ శకలం కనిపించడంతో పట్టీ కుదించుకుపోయింది, 2029 ముప్పు తొలగింది. 2021లో రాడార్ పరిశీలనల తర్వాత, కనీసం వందేళ్ల వరకు అది భూమిని తాకదని నాసా తేల్చింది.

పట్టీ ఎందుకు తొందరగా కుదించుకోదంటే, కొలవడంలోని కష్టం తెలియాలి. అట్లాస్ టెలిస్కోపు అద్దం వెడల్పు అర మీటరు. ఒక్కో చిత్రానికి 30 సెకన్లు తీసుకుంటుంది. ఆకాశంలో ఒకే భాగాన్ని గంటలోపు నాలుగుసార్లు తీస్తుంది. నక్షత్రాలు కదలవు. నాలుగు చిత్రాల్లోనూ ఒకే వేగంతో, ఒకే వరుసలో జరిగిన చుక్క ఏదైనా ఉంటే అది శకలం కావచ్చు. దాని స్థానాన్ని, సమయాన్ని ప్రపంచంలోని ఇలాంటి కొలతలన్నీ చేరే మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపుతారు. అక్కడి నుంచి మిగతా పరిశీలకులు అందుకుంటారు. ఇక్కడ తరచుగా దెబ్బతీసేది గడియారం. భూమికి దగ్గరగా ఉన్న శకలం సెకనుకు ఒక ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు కోణం) జరుగుతోందనుకోండి. కంప్యూటర్ గడియారం ఒక్క సెకను తప్పితే స్థానం ఒక ఆర్క్‌సెకండ్ తప్పుతుంది. మంచి కొలతలో ఉండాల్సిన తేడా అందులో పదో వంతు, ఐదో వంతు మాత్రమే. అలాంటి కొలత పట్టీని పక్కకు లాగేస్తుంది. అందుకే జీపీఎస్ సమయం వాడతారు, అనుమానం ఉన్న కొలతలకు బరువు తగ్గిస్తారు. ఇక వెన్నెల. 2025 ఫిబ్రవరి 12న పున్నమి. ఆ రోజుల్లో అంత మసక చుక్కను పట్టుకోవడం కష్టమైంది. అలాంటి వారంలో ముప్పు కొనసాగుతోందని రాయడం సరికాదు. కొత్త కొలతలు రాలేదని రాయడం సరైనది.

పరిమాణం విషయంలో పత్రికలు ఇంకా అజాగ్రత్తగా ఉంటున్నాయి. టెలిస్కోపుకు కనిపించేది వెలుగు మాత్రమే, వెడల్పు కాదు. నల్లటి పెద్ద రాయి, తెల్లటి చిన్న రాయి ఒకే వెలుగుతో కనిపిస్తాయి. వైఆర్4 నిరపేక్ష ప్రకాశ పరిమాణం, అంటే దూరాల తేడా తీసేసి లెక్కగట్టిన వెలుగు అంకె, దాదాపు 24. దాని మీద పడ్డ వెలుగులో 25 శాతం తిరిగి పంపే రాయి అయితే వ్యాసం సుమారు 42 మీటర్లు, 5 శాతమే పంపేదైతే సుమారు 94 మీటర్లు. అందుకే మొదట్లో 40 నుంచి 90 మీటర్లు అన్నారు. ఈ రెండు చివరల మధ్య బరువు తేడా 11 రెట్లు, కాబట్టి ఢీకొంటే విడుదలయ్యే శక్తి తేడా కూడా అంతే. పెద్ద అంకెను మాత్రమే శీర్షికకు ఎక్కిస్తే వార్త 11 రెట్లు ఉబ్బినట్టు. 2025 మార్చిలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ రాయి వేడిని పరారుణ కాంతిలో కొలిచాక, వ్యాసం సుమారు 60 మీటర్లని తేలింది. రెండు చివరలూ రాయండి, అది న్యాయం.

ప్రమాదకర గ్రహశకలం అన్న మాట కూడా ఇబ్బంది పెడుతోంది. అది వర్గీకరణ పేరు, జోస్యం కాదు. శకలం కక్ష్య భూకక్ష్యకు 75 లక్షల కిలోమీటర్ల లోపు రావాలి, వ్యాసం సుమారు 140 మీటర్లకు తగ్గకూడదు. ఈ రెండూ ఉంటే ఆ పేరు వస్తుంది. 75 లక్షల కిలోమీటర్లంటే చంద్రుడి దూరానికి ఇంచుమించు 20 రెట్లు. దూరం రాసిన ప్రతిసారీ చంద్రుడికి ఎన్ని రెట్లో పక్కన రాస్తే పాఠకుడే తూకం వేసుకుంటాడు. 2025 జులై 1న కనిపెట్టిన 3ఐ/అట్లాస్ తోకచుక్క మన సౌర కుటుంబం బయటి నుంచి వచ్చిన మూడో వస్తువు. నిజంగా అద్భుతమైన వార్త అది. అలాంటి దానికీ భూమికి ముప్పు అన్న రంగు పూశారు. అది మనకు అతి దగ్గరగా వచ్చింది డిసెంబరు 19న, దాదాపు 27 కోట్ల కిలోమీటర్ల దూరంలో. సూర్యుడే అంతకన్నా చాలా దగ్గర.

చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ తొలి చిత్రాలు 2025 జూన్ 23న విడుదలయ్యాయి. పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలు బయటపడ్డాయి. భూకక్ష్యకు చేరువగా వచ్చేవి వాటిలో 7, ముప్పున్నది ఒక్కటీ లేదు. కొత్తవి ఇంత వేగంగా దొరుకుతుంటే, కొద్ది రోజులు అంకె పెరిగి తర్వాత సున్నాకు పడిపోయే శకలాలూ ఎక్కువవుతాయి. ప్రతిసారీ మొదటి సగమే అచ్చువేస్తే, నిజంగా అవసరమైన రోజున హెచ్చరికను ఎవరూ నమ్మరు.

అందుకని డెస్కులో పనిచేసే మిత్రులకు నా విన్నపం. వార్త రాసేముందు, భూమిని తాకే అవకాశం ఏ కొంచెమైనా ఉన్న శకలాలను చూపే నాసా వారి సెంట్రీ జాబితాలో, యూరప్ అంతరిక్ష సంస్థ ముప్పు జాబితాలో ఆ శకలం పేరు ఉందో లేదో చూడండి. రెంటిలోనూ లేకపోతే అది దగ్గరగా వెళ్లే రాయి మాత్రమే. ఉంటే టొరినో స్కేలు అంకె చూడండి. సున్నా అయితే శీర్షికలో ముప్పు అన్న మాటకు చోటు లేదు. సెంట్రీ మొదటి పట్టికలో ఉండే శాతం అన్ని తేదీలకూ కలిపిన మొత్తం. దాన్ని ఒకే తేదీకి అంటగట్టవద్దు, ఆ శకలం పేరు మీద నొక్కితే తేదీల వారీగా విడి అంకెలు వస్తాయి. ఏ రోజు లెక్కో తప్పకుండా రాయండి. పది రోజులకోసారి ఆ పేరు మళ్లీ వెతకండి. తొలగించినవాటికి సెంట్రీలో వేరే జాబితా ఉంటుంది. అందులోకి చేరిన రోజున మొదటి వార్త వేసిన పేజీలోనే ఆ ముక్క కూడా వేయండి. 2029 ఏప్రిల్ 13న అపోఫిస్ భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల ఎత్తున, భూస్థిర కక్ష్యలోని సమాచార ఉపగ్రహాలకన్నా కింద నుంచి వెళుతుంది. ఆనాటి పేజీకి ఇప్పటి నుంచే సరైన సమాచారం సిద్ధం చేసుకోవచ్చు.

భయపెట్టే శీర్షికకు ఇచ్చే చోటులో కొంత, ప్రాణాలకు పనికొచ్చే ఒక సంగతికి ఇవ్వండి. 2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్‌స్క్ మీద పేలిన రాయి వ్యాసం 20 మీటర్లే. సూర్యుడి వైపు నుంచి రావడంతో ఎవరికీ ముందుగా కనిపించలేదు. దాదాపు 1,500 మంది గాయపడ్డారు, ఎక్కువ మంది పగిలిన గాజు పెంకుల వల్లే. ఆకాశంలో మెరుపు చూసి, అదేమిటోనని జనం కిటికీల దగ్గరికి వెళ్లారు. పేలుడు గాలి అల నగరాన్ని తాకింది ఆ తర్వాత రెండు నిమిషాలు దాటాక. పగటిపూట సూర్యుణ్ని మించిన వెలుగు ఆకాశంలో కనిపిస్తే కిటికీకి దూరంగా జరిగి, గోడ చాటున కింద కూర్చుని, కనీసం ఐదు నిమిషాలు అక్కడే ఉండాలి.

ఇట్లు,
ఒక ఖగోళ పరిశీలకుడు