ఆ రోజు బీపీ చూసిన సిస్టర్‌కి

మూడేళ్ల కిందట ఏడో నెల చెకప్‌లో నా బీపీ చూసిన సిస్టర్‌కి ఈ నాలుగు మాటలు. అప్పుడు మీ పేరు అడగలేదు, అడిగే పరిస్థితిలో లేను.

మోచేతి పైన కమిలిన మచ్చ చూసి మీరేమీ అనలేదు. "పేషెంట్ తప్ప అందరూ బయట ఉండాలి" అని మా ఆయన్నీ, అత్తయ్యనూ పంపేశారు. (అత్తయ్యను ఎలా కదిలించారో ఇప్పటికీ ఆశ్చర్యమే.) తలుపు వేశాకే, "అందరినీ అడుగుతానమ్మా, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా? భయంగా ఉంటోందా?" అన్నారు. ఆ "అందరినీ" అన్న మాట వల్లే నా నోరు పెగిలింది. ఆయన ముందు అడిగి ఉంటే బాత్రూంలో జారిపడ్డానని చెప్పేదాన్ని. అంతకుముందు వేరే చోట రెండుసార్లు అలాగే చెప్పాను కూడా.

కేసు పెట్టమని తొందరపెట్టలేదు. "ఈ రాత్రి ఇంటికెళ్లడానికి భయమా?" అని అడిగారు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు కాగితం మీద రాయబోయి, ఇంట్లో దొరికితే గొడవని ఆగి, బట్టీ పట్టించారు. హింసకు గురైన ఆడవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కొన్నాళ్లు తలదాచుకునే చోటు అన్నీ ఉంటాయని చెప్పారు.

నేను ఫోన్ చేసింది నెలన్నర తర్వాత. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వుకు అర్జీ పెట్టించింది సఖి వాళ్లే.

పాపకు మూడేళ్లు నిండబోతున్నాయి. ఆ ఓపీకి రెండుసార్లు వచ్చాను, మీరు బదిలీ అయ్యారన్నారు. చాలా థాంక్స్ సిస్టర్. ఆ నంబరు ఇంకా కంఠతా వచ్చు.