బానెట్ కోస్తే గుర్రాలు రావు

సంపాదకుడు గారికి, నమస్కారం.

పాతకాలపు అమెరికన్ మజిల్ కార్ల (పెద్ద ఇంజిన్ పెట్టిన జోరు కార్ల) మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం ఇష్టంగా చదివాను. పద్దెనిమిదేళ్లుగా డెట్రాయిట్ పక్కనే ఉంటున్నాను, ఉద్యోగం కూడా ఇంజిన్ల దగ్గరే. ఆ కార్ల పేర్లు తెలుగులో కనబడితే వదలబుద్ధి కాదు. కానీ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. బానెట్ మీద స్కూప్, అంటే గాలి లోపలికి పోవడానికి పెట్టే ఉబ్బెత్తు నోరు ఉంటే, గాలి దూసుకొచ్చి, ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే టర్బోలా పనిచేస్తుందని, యాభై హార్స్‌పవర్ దాకా పెరుగుతుందని రాశారు. అంత పెరగదు. మామూలుగా అయితే చిన్న పొరపాటే కదా అని ఊరుకునేవాణ్ణి. మా మేనల్లుడు ఇలాంటి మాటే నమ్మి విజయవాడలో కారు బానెట్ కోయించుకున్నాడు కాబట్టి రాస్తున్నాను.

1964లో పాంటియాక్ జీటీవో వచ్చినప్పుడు దాని బానెట్ మీద రెండు స్కూపులు ఉండేవి. రెండూ మూసుకుపోయినవే, ఒట్టి షోకు. 1965 మోడల్‌కు డీలర్ల దగ్గర ఒక కిట్ దొరికేది. స్కూప్‌ను తెరిచి, ఇంజిన్‌కు గాలినీ పెట్రోలునూ కలిపి ఇచ్చే కార్బురేటర్ల చుట్టూ రేకు పళ్లెం ఒకటి కూర్చోబెట్టి, దాని అంచుకు ఫోమ్ పట్టీ వేస్తారు. బానెట్ మూయగానే పట్టీ అదుముకుని ఇంజిన్ వేడిగాలిని బయటే ఆపేస్తుంది. స్కూప్ పనిచేయడం అంటే ఇదీ. కన్నం ఒక్కటే ఉంటే చాలదు, అక్కడి నుంచి కార్బురేటర్ దాకా గాలికి వేరే దారి ఉండాలి.

మా వీధిలో ఒక పెద్దాయన దగ్గర 1969 జీటీవో ఉంది, రామ్ ఎయిర్ (స్కూపుల గాలిని నేరుగా ఇంజిన్‌కు అందించే ఏర్పాటు) ఉన్నది. స్కూపుల రెక్కలు తెరవడానికీ మూయడానికీ డాష్‌బోర్డ్ కింద ఒక నాబ్ ఉంటుంది. వాన పడితే మూసుకోవాలి, అందుకే అది. పోయిన వేసవిలో ఆయనతో వాదన పెట్టుకుని, థర్మామీటర్ వైరు ఒక కొస ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో టేపు వేసి అంటించాను. రెండో కొస బానెట్ సందులోంచి, కిటికీ మీదుగా నా ఒళ్లోకి వచ్చింది. బయట 27 డిగ్రీలు. రెక్కలు మూసి హైవే మీద పోతుంటే ఇంజిన్ పీల్చే గాలి 48 డిగ్రీలుంది. తెరిస్తే 45. ఆయన ముఖం చిన్నబోయింది. ఇంటికొచ్చి బానెట్ ఎత్తాం. ఫోమ్ పట్టీని వేలితో ముట్టుకుంటే పాత మైసూర్‌పాక్‌లా పొడిపొడిగా రాలింది. కొత్త పట్టీ వేసి మళ్లీ అదే రోడ్డు మీద వెళ్లాం. 31. అదే కారు, అవే స్కూపులు. మారిందల్లా చెయ్యెడు ఫోమ్ ముక్క.

ఇప్పుడు లెక్క చూడండి. చల్లగాలి చిక్కగా ఉంటుంది, చిక్కటి గాలితో ఇంజిన్ ఎక్కువ పెట్రోలు మండించగలదు. 48 నుంచి 31కి దిగితే గాలి సుమారు ఐదున్నర శాతం చిక్కబడుతుంది. పవర్ అంతకు అంతా పెరగదు, మా లెక్కల్లో దాదాపు సగమే పట్టుకుంటాం. కంపెనీ చెప్పిన 366 హార్స్‌పవర్ మీద అది మహా అయితే పది. ఇక గాలి దూసుకొచ్చి నెట్టే సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే ఒత్తిడి వాతావరణ పీడనంలో అర శాతం కూడా లేదు. ఒక్క చుక్క వృథా కాకుండా అంతా లోపలికి దిగినా రెండు హార్స్‌పవర్ రాదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుంది, నిజమే. అయినా 200 దగ్గర కూడా రెండు శాతం దాటదు. మజిల్ కారు మజా అంతా సిగ్నల్ దగ్గర నుంచి లేచే మొదటి పది సెకన్లలో ఉంటుంది. అప్పుడు ఈ తోపుడు ఎక్కడిది?

నా మాట మీద నమ్మకం లేకపోతే 1970 షెవర్లే షెవెల్ ఎస్ఎస్ ఫొటో చూడండి. ఆ కారులో ఆప్షన్‌గా ఇచ్చిన స్కూప్ నోరు ముందుకు కాదు, వెనక్కి, డ్రైవర్ ముందుండే అద్దం వైపు తిరిగి ఉంటుంది. పరుగెత్తే కారు మీద గాలి అద్దం మొదట్లో గుద్దుకుని పోగుపడుతుంది, చల్లగాలి అక్కడే దండిగా దొరుకుతుంది. అమెరికాలో జరిగే నాస్కార్ పోటీల రేసు కార్లు కూడా దశాబ్దాల పాటు అక్కడి గాలే పీల్చాయి. 1998 పాంటియాక్ ఫైర్‌బర్డ్‌లో మామూలు వీ8 (ఎనిమిది సిలిండర్ల) మోడల్‌కు 305 హార్స్‌పవర్, రామ్ ఎయిర్ మోడల్‌కు 320. అమ్ముకునే కంపెనీయే పదిహేను అని చెప్పుకుంటే మనం యాభై అనడం ఎందుకు?

జపాన్ సుబారు కార్ల స్కూప్ సంగతేమిటని ఎవరైనా అడుగుతారు. అది నిజంగా పనిచేసేదే కానీ ఇంజిన్ పీల్చే గాలి కోసం కాదు, కింద ఉన్న ఇంటర్‌కూలర్‌ను (టర్బో నొక్కి వేడెక్కించిన గాలిని చల్లార్చే పెట్టెను) చల్లబరచడానికి. 2018 డాడ్జ్ డీమన్ కారుకు 45 చదరపు అంగుళాల స్కూప్ పెట్టారు. దాని 808 హార్స్‌పవర్ వెనక మాత్రం సూపర్‌చార్జర్, అంటే ఇంజిన్ బలంతోనే తిరుగుతూ గాలిని లోపలికి నెట్టే పంపు ఉంది.

ఇక మా మేనల్లుడు. ఆటోనగర్‌లో ఒక షెడ్డువాళ్లు "పికప్ పెరుగుద్ది" అన్నారట. పన్నెండు వేలు తీసుకుని బానెట్ కోసి ఫైబర్ స్కూప్ బిగించారు. నాకు వీడియో కాల్ చేసి "మామయ్యా, తేడా తెలుస్తోంది, సౌండే మారిపోయింది" అన్నాడు. బానెట్ ఎత్తి చూపించమన్నాను. ఫిల్టర్ గొట్టం ఎప్పటిలాగే హెడ్‌లైట్ వెనక నుంచి బయటి గాలి పీలుస్తోంది. ఈ కాలం కార్లలో కంపెనీవాళ్లు ఆ ఏర్పాటు ముందే చేసి ఇస్తున్నారు. కొత్త కన్నం కింద ఇంజిన్ మీద ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు. జూలై వానకు నీళ్లు నేరుగా వైరింగ్ మీద పడి బండి రోడ్డు మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు స్కూప్ నోటికి పాలిథిన్ కవరు కట్టి నడుపుతున్నాడు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. షెడ్డులో ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

స్కూపులు వద్దని నేను అనడం లేదు, ఆ జీటీవో ముక్కు చూస్తే నాకూ ముచ్చటే. పట్టీ బాగుండి, పాత కార్బురేటర్ ఇంజిన్ మీద ఉంటే వాటివల్ల లాభమే. కానీ మీ పత్రిక చెబితే కుర్రాళ్లు నమ్ముతారు. దయచేసి వచ్చే ఆదివారం ఆ యాభై అంకెను సవరించండి. కార్ల పేజీలో ఏ స్కూప్ గురించి రాసినా, అది తెరిచి ఉందా, లోపల గొట్టం ఎక్కడికి వెళ్తోంది అన్న రెండు ముక్కలు కలపండి. అమ్మేవాళ్లు కూడా డమ్మీ అయితే డమ్మీ అని బిల్లు మీద రాయాలి.

ఇక్కడ వుడ్‌వర్డ్ అవెన్యూలో ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్లన్నీ రోడ్డెక్కుతాయి. మీ విలేకరి ఎవరైనా అప్పటికి ఇటు వస్తే చెప్పండి. పెద్దాయన జీటీవో కూడా వస్తుంది. థర్మామీటర్ నేను తెస్తాను.

మీ పాఠకుడు,
ట్రాయ్, మిషిగన్